వెనక్కి చూడని మనిషి

మా ఊళ్ళో నాకొక పేరుండేది. కన్న బాపు పెట్టింది కాదు, ఊరు పెట్టింది. 'ఎన్కకు సూడనాయన' అనేవారు నన్ను. ఎవరింట్లో చావు జరిగినా, అస్థికలు గోదావరిలో కలపడానికి పోయేటప్పుడు నన్ను తోడు రమ్మనేవారు. నేనుంటే పని తప్పు లేకుండా జరుగుతుందని వాళ్ళ నమ్మకం. పిలిచినప్పుడల్లా పోయాను. బెల్లంపల్లి బొగ్గుబాయిలో ఏళ్ళకేళ్ళు తట్టలు మోశాను గానీ, ఈ పేరంత బరువు ఏ తట్టా లేదు. తట్టనైతే పని దిగిపోయేటప్పుడు దించుకోవచ్చు.

ఆ పేరు అబద్ధం. ముందే చెప్పేస్తున్నాను, లేకపోతే నాకు మళ్ళీ ఏదో ఒక వంక దొరుకుతుంది. వంకలు వెతకడంలో నన్ను మించినవాడు లేడు. ఈ సంగతి ఇంతవరకు ఒకే ఒక్క మనిషికి చెప్పాను, అదీ రెండు ముక్కల్లో. ఆ రెండు ముక్కలు చాలవని తర్వాత తెలిసింది. అందుకే మీతో మొదటి నుంచీ కాగితం మీద చెప్పుకుంటున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అదే నయం. ఎదురుగా ఒక ముఖం కనిపిస్తే చాలు, నేను మళ్ళీ మంచివాణ్ణి అయిపోతాను.

మేమిద్దరం అన్నదమ్ములం. పెద్దవాణ్ణి నేను. బాయి పనికి పోయి బెల్లంపల్లిలో కాపురం పెట్టాను. తమ్ముడు ఓదెలు పెద్దపల్లి పక్కన మా ఊళ్ళోనే ఉండి, ఉన్న కాస్త పొలం చేసుకుంటూ అవ్వను చూసుకున్నాడు. మా కన్నతల్లిని మేం అవ్వా అనే పిలిచేవాళ్ళం.

అవ్వకు సముద్రం పిచ్చి. చూసి కాదు, చూడక. ఒక ఏడు వాడకట్టు ఆడవాళ్ళంతా కలిసి రైలెక్కి పూరీ జగన్నాథం యాత్ర పోయారు. అవ్వ కూడా మూట కట్టుకుంది. సరిగ్గా అప్పుడే నా భార్యకు నొప్పులు మొదలయ్యాయి. అవ్వ మూట విప్పి పొయ్యి మీద నీళ్ళు పెట్టింది. పోయినవాళ్ళు కొంగుల్లో గవ్వలు కట్టుకుని తిరిగొచ్చి నెలల తరబడి సముద్రం కబుర్లే చెప్పారు. అవతలి ఒడ్డు కనపడదని వాళ్ళంటే అవ్వ ఒప్పుకునేది కాదు. "అవుతలి ఒడ్డు లేకుంట నీళ్లెట్ల నిలుస్తయే? నా చెవుల పువ్వు వెడ్తున్నరా?" అని కొట్లాడేది. కొట్లాడి కొట్లాడి, చివరికి చిన్నగా, "ఒక్కసారి సూడాలె" అనేది.

ఆంధ్రా, తెలంగాణా కలిసి ఒకే రాష్ట్రం అయిన కొత్తలో అవ్వకు ఆశ ఇంకా పెరిగింది. "గిప్పుడు సముద్రం గూడ మనదేనట గదరా? మనది మనం సూడకపోతె ఎట్ల?" అని నన్ను అడిగింది. వచ్చే ఏడు తీసుకుపోతానన్నాను. ఆ వచ్చే ఏడు రాలేదు. ఒక కార్తీకంలో అవ్వకు జ్వరం పట్టుకుంది, ఇక వదల్లేదు. పోయే ముందు చెయ్యి పట్టుకుని ఒక మాట అంది. పట్టుకున్నది నా చెయ్యి కాదు, ఓదెలుది. "బతికుండంగ సూడలే. నా బూడిదనన్న సూడనియ్యిర కొడుకా."

మాకు ఆనవాయితీ గోదావరే. తాతముత్తాతల కాలం నుంచీ మంథని రేవులోనే కలుపుతాం. కులపెద్దలు కొంచెం గునిశారు గానీ, సగం మంథనిలో కలిపి సగం సముద్రానికి పట్టుకుపొమ్మని ఒప్పుకున్నారు. "గోదారి పోయి పోయి అండ్లనే గద కలిసేది" అని ఒక ముసలాయన తేల్చేశాడు.

అస్థికల కుండ నేల మీద పెట్టకూడదు. ఓదెలు దాన్ని కొత్త గుడ్డలో కట్టి, పెద్దపల్లి నుంచి వాల్తేరు దాకా ఒళ్ళోనే పెట్టుకున్నాడు. రైలు ఆగినప్పుడల్లా కుండ మీదికి వంగి, "అవ్వా, కాజీపేట అచ్చింది", "అవ్వా, గిది బెజవాడ" అని చెప్పాడు. పెట్టెలో జనం నవ్వుకున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. "జర సప్పుడు జేయకుంట కూసోరా" అన్నాను. "నవ్వనియ్యన్నా. పాపం, అవ్వకు టేషన్ల పేర్లు ఎరుకలేవు" అన్నాడు. వాడంతే. వాడికి సిగ్గు లేదు. భయం ఉంది, ఉంటే ఉందని చెప్పేస్తాడు. నాకు రెండూ ఉన్నాయి, రెండూ దాచుకుంటాను.

భీమిలి దగ్గర బస్సు దిగేసరికి ముసురు పట్టి ఉంది. మార్గశిర మాసం. మా వైపు ఆ రోజుల్లో చలిమంటలు, కల్లం పనులు. వాన సంగతే ఎవరూ తలవరు. అక్కడ గాలికి మనిషి నిలబడలేకపోతున్నాడు. సముద్రం కనపడకముందే వినపడింది. బాయిలో పైకప్పు కూలే ముందు లోపలెక్కడో అలాగే ఉరుముతుంది, కానీ అది ఆగుతుంది. ఇది ఆగలేదు. ఎర్రమట్టి దిబ్బ ఎక్కి చూశాం. కింద నల్లటి బండలు, వాటి మీద పడి తాడెత్తు లేస్తున్న నీళ్ళు, ఆ వెనక ఏమీ లేదు. ఓదెలు గుడ్డ విప్పి కుండను రెండు చేతులా ఎత్తి పట్టుకున్నాడు. "సూడే అవ్వా! అవుతలి ఒడ్డు లేనే లేదు. వాళ్లు నిజమే జెప్పిన్రు" అన్నాడు. ఏడుస్తున్నాడు, నవ్వుతున్నాడు. నేనూ ఏడ్చాను. ఆ కాసేపు మేమిద్దరం ఎంత బాగున్నామో! ఇప్పటికీ ఆ దిబ్బ మీద నిలబడ్డట్టు కల వస్తే లేవబుద్ధి కాదు.

అక్కడ ఒక పురోహితుణ్ణి కుదుర్చుకున్నాం. పాక కింద కూర్చోబెట్టి మంత్రాలు చెప్పాడు గానీ నీళ్ళ దగ్గరికి తాను రానన్నాడు. "వాయుగుండం పట్టిందండీ. రెండ్రోజులు ఆగితే తెరిపిస్తుంది" అన్నాడు. నా ముఖం చూసి, "ఆగలేకపోతే ఇసక మీదే నిలబడి, వచ్చిన కెరటంలో వదిలెయ్యండి. ఆ రాళ్ళ వైపు మాత్రం పోకండి. సముద్రానికి వీపు తిప్పకండి" అన్నాడు.

అస్థికలు వదిలాక వెనక్కి చూడకుండా రావాలి. మా వైపు అది పెద్ద పట్టింపు. చూస్తే పోయినవాళ్ళ ప్రాణం మన వెంట తిరిగొస్తుందంటారు. మరి వీపు తిప్పకుండా, వెనక్కి చూడకుండా ఎలా రావడం అని అడిగాను. ఓదెలు నవ్వాడు. "ఎండ్రికాయ లెక్క అడ్డం నడుద్దమా అన్నా?" పురోహితుడికి మాట అర్థం కాలేదు గానీ, వాడు చేతులు చాపి చూపించిన పీత నడక అర్థమైంది. "అలాగే రండి నాయనా, తప్పేం లేదు" అన్నాడు.

ఓదెలు ఆగుదామన్నాడు. "రెండు పొద్దులే గదన్నా. అవ్వ ఇన్నేండ్లు ఆగలేదా?" అన్నాడు. నాకు సెలవు అయిపోవచ్చింది. ఆలస్యమైతే బాయి మీద పని చేయించే సర్దారు నోటికి జవాబు చెప్పాలి. ఆ మాట తమ్ముడికి చెప్పొచ్చు కదా! చెప్తే చిన్నతనం. ఏమన్నానో తెలుసా? "గింత దూరమచ్చి నీళ్లకు బుగులు వడ్తవా? భయమైతె ఒడ్డుకు కూసో, నేనొక్కన్నే పోత." వాడు కుండ ఎత్తుకుని లేచాడు.

తర్వాత మేం చేసిన పని గోదావరి ఒడ్డువాళ్ళు తప్ప ఎవరూ చేయరు. మాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఒక మాట నూరిపోస్తారు. ఇసుకను నమ్మొద్దు, బండను నమ్ము. గోదావరి ఇసుక కాళ్ళ కింద కరిగిపోతుంది, ఊబిలోకి లాగుతుంది. బండ మీద నిలబడి స్నానం చేసినవాడు ఇంటికొస్తాడు. అక్కడ ఇసుక మీద కాలు పెట్టగానే, కెరటం వెనక్కి పోతూ మా పాదాల కింది ఇసుకంతా లాగేసింది. ఊబి అనుకున్నాం ఇద్దరం. ఎగిరి గట్టెక్కి, ఆయన వద్దన్న రాళ్ళ వైపే పోయాం. అక్కడొక వెడల్పాటి బండ మెట్టులాగా నీళ్ళలోకి దిగి ఉంది, అచ్చం మంథని రేవులో ఉన్నట్టే. "గిది మంచిగుంది" అన్నాను. అన్నది నేనే, వాడు కాదు.

బండ మీద మోకాలి లోతు నీళ్ళు. అస్థికలు వదిలాం. మూడు మునకలు వేశాం. తిరిగాం. పీత నడక ఇద్దరికీ గుర్తు లేదు. సముద్రానికి వీపు పెట్టి, గోదావరిలోంచి ఒడ్డుకు వచ్చినట్టు నింపాదిగా నడిచాం. ముందు నేను, వెనక వాడు.

ఇక్కడికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోతోంది. కాసేపు ఆగనివ్వండి.

కెరటం వచ్చి వీపు మీద పడింది. నేను బోర్లా పడ్డాను. అరచేతులు గీసుకుపోయాయి. లేచాను. వెనక నుంచి పిలుపు వినపడింది. "అన్నా!"

నేను వెనక్కి చూశాను.

ఇదే నా తప్పు. ఊరంతా చూడలేదనుకున్నది, నేను చూశాను. వాడు రెండు బండల సందులో పడి ఉన్నాడు. ఒక కాలు లోపల ఇరుక్కుంది. తలగుడ్డ పోయి జుట్టు కళ్ళ మీద పడింది. ఒక చేత్తో రాయి పట్టుకుని రెండో చెయ్యి నా వైపు చాపాడు. నా నడుముకు తువ్వాల చుట్టి ఉంది. విప్పి విసిరితే కొస వాడి చేతికి అందేది. వాడి వెనక ఇంకో కెరటం లేస్తోంది. వాణ్ణి చూశాను, కెరటాన్ని చూశాను, ముఖం తిప్పేసుకున్నాను. వాడు మళ్ళీ పిలిచాడు. అప్పటికే నేను ఉరుకుతున్నాను.

ఎందుకు? ఎన్నిసార్లు అడుక్కున్నానో ఈ మాట! పొలమంతా నాకే వస్తుందనా? ఛీ, ఆ ఆలోచన కలలో కూడా లేదు. అవ్వ చివరికి వాడి చెయ్యే పట్టుకుందన్న కుళ్ళా? ఆ కుళ్ళు ఉండేది, లేదనను, కానీ ఆ నీళ్ళలో నాకు అవ్వా గుర్తు లేదు, ఏ కుళ్ళూ గుర్తు లేదు. బాయిలో పైకప్పు కూలిన చోట మనుషులను ఈడ్చుకొచ్చినవాణ్ణి నేను, ధైర్యస్తుడని నలుగురూ అంటే నిజమే కాబోలనుకున్నవాణ్ణి, మరి నా కన్నతల్లి కడుపునే పుట్టిన వాడికి ఒక తువ్వాల కొస ఎందుకు అందించలేకపోయాను? బాయిలో పక్కన మనుషులుంటారు. చూస్తుంటారు. అక్కడ ఎవరూ చూడలేదు. భయమేసింది, పారిపోయాను. ఇంతకన్నా పెద్ద కారణం ఏదీ దొరకలేదు నాకు. దొరికితే బాగుండునని వెతికిన రోజులు కూడా ఉన్నాయి.

ఇసుక మీదికి వచ్చాక గొంతు పగిలేలా అరిచాను. పడవలు పైకి లాక్కుంటున్న జాలర్లు తాళ్ళు పట్టుకుని పరుగెత్తారు. వాణ్ణి తీసింది వాళ్ళే. మోకాలి కింద నుజ్జునుజ్జయింది. పురోహితుడు రొప్పుకుంటూ వచ్చి, "పక్కనే ఉన్నావు కదయ్యా, చూసుకోలేదా?" అన్నాడు. జవాబు దానంతటదే నోట్లోకి వచ్చింది. "ఎన్కకు సూడద్దు గదయ్యా." ఆయన తలాడించి ఊరుకున్నాడు. జాలర్లలో ఒక ముసలాయన నాకు దణ్ణం కూడా పెట్టాడు.

పెద్దాసుపత్రిలో ఓదెలు కాలు తీసేశారు. వాడికి తెలివి వచ్చినప్పుడు పక్కన నేనే ఉన్నాను. చాలాసేపు నా ముఖంలోకే చూశాడు.

"అన్నా, నేను పిలిస్తె ఇనవడ్డదా?"

"ఇనవడ్డది."

"ఎన్కకు సూడలే గద నువ్వు?"

నేను నేల చూపులు చూశాను. "సూడలే."

"మంచిగయింది. సూస్తె అవ్వ మల్ల ఎంబడి వచ్చు. గంత దూరం ఒళ్లె వెట్టుకొని తెచ్చిన" అని కళ్ళు మూసుకున్నాడు.

ఆ విషయం మీద మా ఇద్దరి మధ్య మాటలు అంతే. కానీ వాడు నన్ను అడిగాడా? లేక నాకు చెప్పాడా? వాడి కళ్ళ మీద జుట్టు పడి ఉంది, ఉప్పునీళ్ళు కొడుతున్నాయి, నా ముఖం కనపడి ఉండదు. ఉండదా? కనపడే ఉంటే, 'ఈ మాట పట్టుకో అన్నా, నీ పరువు నిలుస్తుంది' అని ఆ చాపిన చెయ్యే మళ్ళీ నాకు అందించాడా? లేక నిజం చెప్పడానికి దారి తీసి పెట్టాడా, నేను ఆ దారి కూడా మూసేశానా? ఎన్ని రకాలుగా తిప్పి చూసినా తెలియలేదు.

ఊరికి వచ్చాక నా పేరు మొదలుపెట్టింది వాడే. పలకరించడానికి వచ్చిన ప్రతి మనిషికీ చెప్పాడు. "నేను మొత్తుకున్న. అయినా మా అన్న తిరుగలే. అవ్వను సల్లగ సాగనంపిండు." చెప్పేటప్పుడు వాడి ముఖంలో ఎంత గర్వమో! వాడి నాగలి దాయాదులైన పాలివాళ్ళ చేతికి పోయింది. వాడూ, వాడి భార్య లచ్చవ్వా అరుగు మీద కూర్చుని బీడీలు చుట్టుకున్నారు. నేను బియ్యం పంపేవాణ్ణి. వీలైనప్పుడల్లా పోయి కూర్చునేవాణ్ణి. "నీ అసొంటి బావ ఎవ్వలకున్నడు?" అని లచ్చవ్వ అన్నం వడ్డించేది. ఆ ఇంట్లో ముద్ద ముద్దకూ నీళ్ళు తాగితే గానీ నాకు అన్నం గొంతు దిగేది కాదు. తర్వాత తర్వాత మా ఇంట్లోనూ అంతే అయింది. చెప్పేద్దామని పోయిన రోజులున్నాయి. ఓదెలు చంకకర్ర పక్కకు జరిపి, "రా అన్నా, కూసో" అని అరుగు మీద తన పక్కన చోటిచ్చేవాడు. కూర్చునేవాణ్ణి. పంటల సంగతి మాట్లాడి వచ్చేసేవాణ్ణి.

ఈ మాఘంలో ఓదెలు పోయాడు. నిద్రలోనే పోయాడు. వాడికి ఒక్కతే బిడ్డ, కొడుకులు లేరు. కర్మలన్నీ నేనే చేశాను. అస్థికలు మంథని తీసుకుపోయాం. ఈసారి కుండ నా ఒళ్ళో ఉంది. బస్సు ఒక ఊళ్ళో ఆగితే, ఆ ఊరి పేరు చెబుదామని కుండ మీదికి వంగాను. చెప్పకుండానే గుడ్డ ముడి సర్ది నిటారుగా కూర్చున్నాను.

మాఘంలో గోదావరి పాపం సాధువు. బండ మీద నిలబడి వదిలాను. మునకలు వేసి తిరిగాను. ఒడ్డు మీద లచ్చవ్వ, వాడకట్టు వాళ్ళు కొందరు నిలబడి నేను నడిచి రావడం చూస్తున్నారు. ఎలా నడవాలో ఈయనకే తెలుసన్నట్టు చూస్తున్నారు. కొంచెం నడిచాను. వెనక నుంచి ఎవరూ పిలవలేదు. వాడిక ఎప్పటికీ పిలవడు. నా కాళ్ళు ఆగిపోయాయి.

తిరిగి చూశాను. బూడిద ఇంకా నీళ్ళ మీదే ఉంది, మెల్లగా పోతోంది. "అయ్యో, సూడకు! సూడకుర్రి!" అని ఒడ్డు మీద కేకలు. కనపడినంతసేపూ చూశాను.

ఒడ్డెక్కితే జనం పక్కకు తప్పుకున్నారు. లచ్చవ్వ ఒక్కతే దగ్గరికి వచ్చింది. "గదేంది బావా? అన్ని ఎరిగినోనివి. ఎందుకు సూసినవు?"

"అప్పుడు గూడ సూసిన లచ్చవ్వా. పిలిచిండు, సూసిన, ఉరికిన."

ఆమె కేక పెట్టలేదు. తిట్టలేదు. తిడితే బాగుండునని ఎదురుచూశాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నీళ్ళ వైపు తిరిగింది. తర్వాత ఒక్కటే అడిగింది.

"ఆయినకు ఎరుకనా?"

ఇన్నేళ్ళూ నన్ను నేను అడుక్కున్నదే, ఆమె నోట విన్నాను. "నాకు ఎరుక లేదు" అన్నాను. లచ్చవ్వకు ఆ విషయం మీద నేను చెప్పిన రెండో నిజం అది.

ఆ రోజు నుంచి లచ్చవ్వ నాతో మాట్లాడదు. ఇంటికి పోతే తలుపు వేసుకోదు, కూర్చోమనీ అనదు. బీడీలు చుట్టుకుంటూ ఉంటుంది. బహుశా ఆమె కూడా పాత మాటలన్నీ తిప్పి తిప్పి చూసుకుంటూ ఉంటుంది, వాడు ఎప్పుడు ఏమన్నాడో, ఏం దాచాడో అని. నా బరువు దించుకోవడానికి ఆమె నెత్తిన పెట్టానా? పెట్టాననే అనుకుంటాను. క్షమించమని అడగలేదు. అడగాల్సినవాణ్ణి గోదావరిలో కలిపి వచ్చాను.

ఊళ్ళో నా పేరు పోయింది. మొన్న వాడకట్టులో ఒక ముసలమ్మ పోతే, మంథనికి నన్ను పిలవకుండానే పోయారు. నేను ఇంట్లోనే ఉన్నాను. మధ్యాహ్నం నా భార్య కంచం పెట్టి, అలవాటు ప్రకారం పక్కన నీళ్ళ చెంబు పెట్టింది. అన్నం కలుపుకుని తిన్నాను. తిని లేచాక చూసుకున్నాను, చెంబులో నీళ్ళు నిండుగా అలాగే ఉన్నాయి.